మరమేకు తలలో పేచీ

భువనగిరి పేరు చెప్పగానే ఎవరికైనా మొదట తలపునకు వచ్చేది అక్కడి ఏకశిలా పర్వతం. 1076 నుండి 1126 వరకు ఏలిన చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరు మీదుగా అది త్రిభువనగిరి అయినదనీ, జనుల వాడుకలో భువనగిరిగా మిగిలినదనీ చెబుతారు. ఆ కొండను చూడవలెనంటే తల పైకెత్తవలె. ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే వస్తువును చూడవలెనంటే మాత్రం తల బాగా వంచవలె; కళ్ళజోడు ఉన్నవారు దానిని సవరించుకొనవలె. ఆ కళ్ళజోడు విడిపోకుండా పట్టి ఉంచుతున్నదీ ఆ వస్తువే. అది మరమేకు.

కుట్టుమిషను బాగుచేసే అంగడి, మోటార్లకు తీగె చుట్టే అంగడి, మోటారు సైకిళ్ళ మెకానిక్కు షెడ్డు, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న గది - కొండ కింది ఈ పట్టణంలోనే కాదు, నేటి ఏ తెలుగు పట్టణంలోనైనా ఇవి కనిపిస్తాయి. వీరి పనులు వేరు, పనిముట్లు వేరు. కాని వీరందరికీ ఉమ్మడిగా ఒక మాట ఉన్నది: “స్లిప్ అయింది.” అనగా మరమేకు తల అరిగి, పనిముట్టుకు పట్టు చిక్కకుండా పోయినదని అర్థం. యంత్రంలో చెడినదేదో తెలుసు. మార్చవలసిన భాగం చేతిలో ఉన్నది. పనివానికి నేర్పు ఉన్నది. అయినా అర అంగుళమైనా లేని ఇనుప తల ఒకటి అడ్డంగా కూర్చుండి పని సాగనీయదు. ఈ చిరాకు పుట్టుపూర్వోత్తరాలు విచారింపదగినవి. ఏలన, ఇందులో భౌతికశాస్త్రమున్నది, చరిత్ర ఉన్నది; చివరకు, ఒక వస్తువును కొన్నవానికి దానిని విప్పి చూచే హక్కు ఉన్నదా లేదా అనే ప్రశ్న కూడ ఉన్నది.

మాటలోనే మెలిక

తెలుగులో ‘మర’ అనే మాటకు రెండర్థాలు. మరబియ్యం, నూనెమర అన్నప్పుడు అది యంత్రం. మరచెంబు అన్నప్పుడు మాత్రం అది మూత అంచున మెలి తిరిగి పోయే గాడి. రైలు ప్రయాణాలలో మన పెద్దలు నీళ్ళు తీసుకొని వెళ్ళిన ఆ మరచెంబు మరలన్నింటిలోను సాధువైనది. దానికి వేరే పనిముట్టు అక్కరలేదు, అరచేయి చాలు. చేతికి అందనంత చిన్నదిగా మర మారినప్పుడే దానికొక తల, ఆ తలకొక గాడి, ఆ గాడికొక సాధనం కావలసివచ్చినవి.

ఆ చిన్న మరను పుస్తకాలవారు మరమేకు అన్నారు, వడ్రంగి ‘ఇస్క్రూ’ అన్నాడు. ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన తెలంగాణ పనివాడు మరను పేచ్ అనీ, దానిని తిప్పే సాధనాన్ని పేచ్‌కస్ అనీ అన్నాడు. దక్షిణాన ఆ సాధనాన్నే తిరుపుళి అనేవారూ ఉన్నారు. పేచ్ అంటే పారశీకంలో మెలిక. హైదరాబాదు మేడల మీద పతంగుల దారాలు పెనవేసుకొంటే అది ‘పేంచ్’. ఇద్దరు మనుషుల మాటలు పెనవేసుకొని విడివడకుంటే అది మన ‘పేచీ’. ఇన్ని మాటలకూ మూలం ఒకటే కావడం చూస్తే, మరమేకుకు తగవులమారితనం పేరులోనే అబ్బినదా అనిపిస్తుంది.

తల లేని కాలం

పాత తెలుగు పల్లెలో మరమేకు దాదాపు లేదు. భువనగిరి ప్రాంతపు పోచంపల్లి చేనేతకు పుట్టిల్లు. అక్కడి గుంటమగ్గం కూర్పులో కొయ్య చీలలూ, తాళ్ళూ, అదురుకొనే గూటాలూ ప్రధానం. ఎద్దుబండి ఇరుసు చివర చక్రం జారిపోకుండా నిలిపేది ఒక కడసీల. చీలను రాయితో కొడితే దిగుతుంది, వెనుకనుండి కొడితే వస్తుంది. బండిని చేసినవాడు, తోలేవాడు, దారిలో ఆపి సవరించేవాడు - ముగ్గురికీ ఒకటే సాధనం చాలు. పేచీకి తావు లేదు.

అయితే చీలకు లేని శక్తి మరకు ఉన్నది. మర అంటే గుండ్రని కడ్డీ చుట్టూ చుట్టిన వాలుతలం. విద్యార్థులు ఒక కాగితపు త్రికోణాన్ని పెన్సిలుకు చుట్టి చూస్తే ఈ సంగతి ఒక్క నిమిషంలో బోధపడుతుంది. కొండ మీదికి నిటారుగా ఎక్కడం కన్న చుట్టుదారిన ఎక్కడం సులభం గదా! అట్లే మరమేకు కొద్దిపాటి తిప్పుడుతో చాలా గట్టిగా బిగుసుకొంటుంది. బిగిసిన తరువాత రాపిడి దానిని వదలనీయదు. క్రీస్తుకు పూర్వమే గ్రీకులు మరతో నీళ్ళు తోడినారు, రోమనులు మరగానుగలు నడిపినారు. కాని రెండు వస్తువులను కలిపి పట్టి ఉంచే లోహపు మరమేకు యూరపులో కవచాలకు, తుపాకులకు, గడియారాలకు ఎక్కినది 15వ శతాబ్దం నాటికి.

అప్పట్లో ఒక్కొక్క మరమేకు ఆకురాయితో చేతిపని. ఏ రెండూ ఒక్కతీరున ఉండేవి కావు. 1760లో ఇంగ్లండులోని వ్యాట్ సోదరులు కొయ్యకు దిగే మరమేకులను యంత్రంతో చేసే పద్ధతికి పేటెంటు పొందినారు. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేతు యంత్రాన్ని సవ్యంగా తీర్చినాడు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరల కొలతలకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించినాడు. తరువాత బర్మింగ్‌హామ్ ప్రాంతంలో నెటిల్‌ఫోల్డ్, చేంబర్లేన్ అనే వర్తకుల సంస్థ మొన గల మరమేకులను అసంఖ్యాకంగా తయారుచేసి లోకమంతటా అమ్మినది. ఆ చేంబర్లేన్ల ఇంటివాడే రాజకీయవేత్త జోసెఫ్ చేంబర్లేన్; ఆయన కుమారుడు నెవిల్ తరువాత బ్రిటిష్ ప్రధాని అయినాడు. ఒక మంత్రి కుటుంబపు సంపద మరమేకుల మీద నిలిచినదంటే ఆ వ్యాపారం ఎంతటిదో ఊహించవచ్చును. మన దేశంలో గెస్ట్ కీన్ విలియమ్స్ సంస్థ కలకత్తా ప్రాంతపు కర్మాగారాలనుండి అదే నెటిల్‌ఫోల్డ్ పేరుతో అమ్మిన మరమేకులు ఎన్నో ఇండ్ల తలుపులకు ఎక్కినవి. వాటన్నిటి తలల మీద ఉన్నది ఒకటే గుర్తు - ఒంటి గాడి.

ఒంటి గాడి

మన పనివారు ‘మైనస్’ అని పిలిచే ఈ ఒంటిగాడి తలకు గొప్ప సుగుణం ఒకటి ఉన్నది: అది ఎవరినీ కాదనదు. పేచ్‌కస్ లేనినాడు చాకు కొన, రూపాయి బిళ్ళ, రేకు ముక్క - ఏదైనా దానికి సమ్మతమే. పొలం గట్టున స్టార్టరు డబ్బా మూత విప్పవలసిన రైతుకు ఇంతకన్న ఉపకారి లేదు. గాడిలో మట్టి నిండితే మేకు కొనతో గీకివేయవచ్చును. రంగు నిండితే తొలగించవచ్చును. నేటికీ కుట్టుమిషనులో, కళ్ళజోడులో ఈ తలలే ఎక్కువ.

కాని ఆ మంచితనమే దాని చేటు. గాడి రెండు వైపులా తెరచి ఉంటుంది కనుక పనిముట్టు పక్కకు జారుతుంది. జారిన కొన బల్ల మీద గీత గీస్తుంది. ఒక్కొక్కప్పుడు అరచేతిని చీలుస్తుంది. పైగా ఏ పనిముట్టయినా పడుతుంది గదా అని తగనిదానిని పెట్టి తిప్పుతాము. ఆ ఒత్తిడి ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. పేచ్‌కస్ పిడి వ్యాసం 30 మి.మీ. అనుకొందాము, తల మీది గాడి పొడవు 8 మి.మీ. అనుకొందాము. పిడి అంచున మన చేయి ప్రయోగించే బలం గాడి కొసల దగ్గర 30ని 8తో భాగించినన్ని రెట్లు, అనగా సుమారు 3.75 రెట్లు అవుతుంది. అదే గాడిలో 4 మి.మీ. వెడల్పు గల సన్నని పనిముట్టు పెట్టి అంతే గట్టిగా తిప్పితే, గాడి మధ్యభాగం మీద ఆ బలం 7.5 రెట్లవుతుంది. గాడి అంచులు అణగక ఏమి చేస్తాయి? తల చెడినదని మరమేకును తిడతాము. చెడగొట్టినది సగం వెడల్పు పేచ్‌కస్.

వెడల్పుతో పాటు మందం కూడ చూడవలె. బజారులో దొరికే సాధారణపు పేచ్‌కస్ కొన ఉలివలె ఏటవాలుగా ఉంటుంది. బలంగా తిప్పితే ఆ వాలు వెంబడి కొన పైకి లేస్తుంది. గడియారాలు, తుపాకులు బాగుచేసేవారు కొనకు దగ్గర రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేటట్లు సానపట్టుకొంటారు. ఒంటిగాడి తలను అరగకుండ విప్పే రహస్యమంతా ఆ సానలోనే ఉన్నది.

చదరం, షట్కోణం

ఒంటిగాడి చేసిన గాయంనుండియే మరొక తల పుట్టినది. కెనడా దేశీయుడైన పీటర్ రాబర్ట్‌సన్ పనిముట్లు అమ్మే ఉద్యోగి. ఒకనాడు జనుల ఎదుట స్ప్రింగు పేచ్‌కస్ పనితనం చూపుతుండగా అది జారి అతని చేయి తెగినదని చెబుతారు. 1908లో అతడు తల నడుమ చదరపు గుంట గల మరమేకును రూపొందించి, మరుసటి ఏడు పేటెంటు పొంది, ఒంటేరియోలోని మిల్టన్ పట్టణంలో కర్మాగారం పెట్టినాడు. గుంట అడుగుకు పోయినకొద్ది కొంచెం సన్నబడుతుంది కనుక మరమేకు పనిముట్టు కొనకు తానే అంటుకొని నిలుస్తుంది, ఒంటిచేత్తో పని సాగుతుంది, జారడం అరుదు. కెనడాలో ఫోర్డు మోటారు కార్ల తయారీలో వీటిని విరివిగా వాడినారు. ఈ మరమేకు మీద తమకు ప్రత్యేకాధికారం కావాలని ఫోర్డు అడిగితే రాబర్ట్‌సన్ సమ్మతించలేదు. స్వాతంత్ర్యం నిలుపుకొన్నాడు, కాని అతని చదరపు తల కెనడాను దాటి లోకమంతటా వ్యాపించలేదు. మంచి వస్తువైనంత మాత్రాన లోకం స్వీకరించదనడానికి ఇది చక్కని దృష్టాంతం. మన బజారులో ఇది దొరకడం బహు అరుదు.

ఆ కాలంలోనే అమెరికాలో మరొక తల పుట్టినది. దాని పుట్టుక ప్రాణరక్షణ కోసం. ఆనాటి మిల్లులలో కప్పు కింద పొడవైన ఇరుసు తిరుగుతూ, దానినుండి బెల్టుల ద్వారా యంత్రాలన్నీ నడిచేవి. బెల్టు చక్రాన్ని ఇరుసుకు బిగించే మరమేకు తల బయటకు పొడుచుకొని ఉండేది. తిరుగుతున్నప్పుడు ఆ తల కంటికి కనిపించదు. పనివాని చొక్కా చేయి, మెడలోని గుడ్డ దానికి చిక్కితే మనిషినే చుట్టివేసేది. తల లేకుండ ఇరుసులోనికే మునిగిపోయే మరమేకు కావలసివచ్చినది. హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని విలియం ఆలెన్ అట్టి మరమేకులలో ఆరు పలకల గుంటను చక్కగా ఒత్తే పద్ధతికి 1910లో పేటెంటు పొందినాడు. నేడు ఎల్ ఆకారంలో వంచిన కడ్డీని మన మెకానిక్కులు ‘ఎలెన్ కీ’ అని పిలవడంలో అతని పేరే ధ్వనిస్తున్నది.

ఆరు పలకల గుంట గట్టిదే. దానికి పొత్తు కుదరనిది కొలతతో. అంగుళాల కొలతలో చేసిన 3/16 అంగుళం తాళం వెడల్పు 4.76 మి.మీ. దానిని 5 మి.మీ. గుంటలో పెడితే దిగుతుంది, తిరుగుతున్నట్లే అనిపిస్తుంది; తరువాత మూలలు అరిగి గుంట గుండ్రమవుతుంది. మన దేశం 1956లో శాసనం చేసి మెట్రిక్ కొలతలకు మారినది. అయినా పాత యంత్రాలూ, విదేశీ యంత్రాలూ, కలగలుపు పనిముట్ల పెట్టెలూ ఉన్నంతకాలం ఈ పావు మిల్లీమీటరు తగవు తీరదు.

ప్లస్ అనే మోసం

ఇప్పుడు లోకమంతటా విరివిగా కనిపించే తల సిలువ ఆకారపు గాడి గలది. మనవారు దానిని ‘ప్లస్’ అనీ, ‘స్టార్’ అనీ అంటారు. దీని వెనుక జాన్ థాంప్సన్ అనే వ్యక్తి ఊహ ఉన్నది. దాని హక్కులు పొంది, మెరుగుపెట్టి, 1936లో పేటెంట్లు సంపాదించినవాడు అమెరికాలోని పోర్ట్‌లండ్ వాసి హెన్రీ ఫిలిప్స్. అమెరికన్ స్క్రూ కంపెనీ దానిని తయారుచేయడానికి పూనుకొన్నది. కాడిలాక్ కార్ల కర్మాగారం మొదట వాడినది. కొద్ది ఏళ్ళలోనే అమెరికా మోటారు పరిశ్రమ అంతటా అల్లుకొన్నది.

ఈ ఆదరణకు కారణం దాని మధ్యస్థానం. ఒంటిగాడికి పనిముట్టును నడిమికి తెచ్చి నిలపడం మనిషి వంతు. సిలువ గాడిలో కొన తానే నడిమికి జారి కుదురుకొంటుంది. వరుసగా కదిలిపోయే కార్లకు యంత్రపు పేచ్‌కస్‌తో క్షణానికొకటి చొప్పున మరమేకులు బిగించేవారికి ఇది వరం. కాని ఆ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి. తిప్పే బలం ఒక మోతాదు మించితే ఆ వాలు పనిముట్టును పైకి నెట్టివేస్తుంది. కర్మాగారంలో ఇది మేలే అని కొందరంటారు: అతిగా బిగించకుండ అదే ఆపుతుందట. అయితే పది సంవత్సరాల తరువాత తుప్పు పట్టిన అదే మరమేకును విప్పవలసినవానికి? పనిముట్టు ఎగిరిపడినప్పుడల్లా గాడి కొంత చెక్కుకుపోయి, సిలువ కాస్తా గిన్నె అవుతుంది.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం కనిపిస్తున్నది. ప్రతి తలా ఎవరిదో ఒకరి చేతిని మనసులో పెట్టుకొని పుట్టినదే. ఒంటిగాడి వడ్రంగి చేతికోసం, షట్కోణం మిల్లు కూలీ రక్షణకోసం, సిలువగాడి కర్మాగారపు వేగంకోసం. బిగించేవాడు ఒకడు, విప్పేవాడు మరొకడు. తల స్వరూపం నిర్ణయించేటప్పుడు ఆ రెండవవాడు ఆ గదిలో ఉండడు. మరమేకులను గూర్చిన చిరాకులన్నీ ఆ రెండవవాని భాగానికే వస్తాయి.

సిలువగాడి చిరాకు ఇంతటితో ముగియదు. చూపులకు ఒకటిగా తోచే సిలువలు నిజానికి పలురకాలు. 1960ల తొలినాళ్ళలో వచ్చిన ‘పోజీడ్రివ్’ అనే రకంలో గాడి గోడలు నిటారుగా ఉంటాయి. పనిముట్టు పైకి లేవదు. దానిని గుర్తించడానికి ప్రధాన సిలువ నడుమ నాలుగు సన్నని గీతలు అదనంగా ఉంటాయి. ఫిలిప్స్ కొన పెట్టి దీనిని తిప్పితే రెండూ చెడతాయి. జపాను ప్రమాణపు సిలువ మరొకటి. గాడి పక్కన ఒక చిన్న చుక్క ఉంటే అది ఆ జాతిదని పోల్చుకోవచ్చును, కాని అన్నిటికీ ఆ చుక్క ఉండదు. జపాను సహకారంతో మన దేశంలో తయారైన మోటారు సైకిళ్ళు 1980లలో ఊరూరా చేరినప్పుడు ఈ సిలువలు కూడ వెంట వచ్చినవి. ఇంజను మూత అల్యూమినియం, మరమేకు ఉక్కు. తేమ తగిలిన చోట ఈ రెండు లోహాల నడుమ విద్యుద్రసాయన చర్య సాగి మర బిగుసుకుపోతుంది. దానికి తగని కొన తోడైతే ‘స్లిప్’ కాక మానదు. సుత్తితో కొట్టినకొద్దీ లోనికి నొక్కుకుంటూ తిరిగే పేచ్‌కస్ ఒకటి మెకానిక్కుల షెడ్డులో కనిపించడానికి కారణం ఈ మూతలే.

ఆరు రేకుల తలుపు, అయిదు రేకుల తాళం

1967లో అమెరికాలోని కామ్‌కార్ టెక్స్‌ట్రన్ సంస్థ ఆరు రేకుల పువ్వువంటి గుంటను తెచ్చినది. దీని పేరు టార్క్స్. షట్కోణంలో పలక మీద పడే బలం చాలావరకు గుంటను వెలుపలికి నెడుతుంది. ఈ పువ్వులో బలం దాదాపు తిప్పే దిక్కుననే పడుతుంది కనుక గుంట పగలదు, కొన లేవదు. నేర్పుతో చూస్తే ఇంతవరకు వచ్చిన తలలలో ఇది ఉత్తమ శ్రేణికి చెందినదనవచ్చును. దీని చిరాకు వేరు: కొలత సరిగా ఉన్న కొన లేకుంటే పని జరగదు. అందులోను మన బజారులో సిలువగాడినే ‘స్టార్’ అనడం అలవాటయినది కనుక, నిజమైన నక్షత్రం కావాలని అడిగినవాని చేతికి సిలువ పేచ్‌కస్ రావడం తరచు జరిగే సంగతి.

ఇంతవరకు చెప్పినవి తెలియకనో, కొలత కుదరకనో వచ్చే చిరాకులు. తెలిసి కల్పించిన చిరాకు మరొకటి ఉన్నది. బిగించడానికి మాత్రమే గాడి ఉండి, విప్పే దిక్కున జారిపోయేటట్లు అంచులు చెక్కిన తలలు ఉన్నవి. నడిమధ్య ఒక మొల నిలిపి మామూలు కొన దిగకుండ చేసినవి ఉన్నవి. వీటిని బహిరంగస్థలాలలోని బల్లలకు, ప్రమాదకరమైన విద్యుత్ పెట్టెలకు వాడితే ఎవరూ కాదనరు. పసివాని చేయి పోకూడని చోట తాళం ఉండవలసినదే. కాని అదే తాళం మన సొంత వస్తువు మీద ఎందుకు?

2009లో ఆపిల్ సంస్థ తన మాక్‌బుక్ ప్రో కంప్యూటరు బ్యాటరీ దగ్గర అయిదు రేకుల కొత్త తలను వాడినది. 2011 నాటికి ఐఫోను అడుగున ఉన్న రెండు మరమేకులూ ఆ రకమైనవే అయినవి. అప్పటికి ఆ కొన ఏ పనిముట్ల పెట్టెలోను లేదు. పాతబడిన బ్యాటరీని మార్చుకోవలెనన్నా సంస్థవారి గుమ్మం తొక్కవలసినదే అనే విమర్శ బయలుదేరినది. అయితే మనిషి చేసిన తాళాన్ని మనిషే తీయగలడు. ఆ కొనలను ఇతరులు తయారుచేసి అమ్మినారు. నేడు చిన్న ఊరి సెల్‌ఫోను అంగడిలోను అవి దొరుకుతవి. 2022లో ఆ సంస్థే అమెరికాలో విడిభాగాలను, పనిముట్లను కొనుగోలుదారులకు అందించే పథకం మొదలుపెట్టినది. అదే సంవత్సరం మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ను గూర్చి ఒక సంఘాన్ని నియమించి, డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, అందుకొక వెబ్‌స్థానాన్ని ప్రారంభించినది. 2024లో యూరపు సమాఖ్య మరమ్మతును ప్రోత్సహించే నియమాలను ఆమోదించినది. ఒక మరమేకు తల శాసనసభల దాకా ఎక్కినదన్నమాట.

విప్పగల యంత్రమే బడి

ఇందులో అంత పోయినదేమున్నది, చెడిపోతే కొత్తది కొనుక్కుంటే సరిపోదా అనేవారు ఉండవచ్చును. డబ్బు సంగతి అటుంచుదాము. పోయేది విద్య. యంత్రాన్ని విప్పి చూడని పిల్లవానికి అది ఒక మాయపెట్టె. విప్పి చూచినవానికి అది కొన్ని భాగాల పొందిక; ఆ పొందికను మార్చవచ్చుననే ధైర్యం అప్పుడే పుడుతుంది.

దీనికి దృష్టాంతం భువనగిరి సీమలోనే ఉన్నది. పోచంపల్లి ఇక్కత్తు చీరకు రంగుల నమూనా దిద్దడానికి ముందు నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకుల చుట్టూ పోయవలె. దీనినే ఆసు పోయడమంటారు. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదలవలె. ఇది ఎక్కువగా ఆడవారి పని. భుజాల నొప్పి వారి పాలిట నిత్యబాధ. ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఒక నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ బాధను చూచినారు. ఆరవ తరగతితో చదువు ఆగినది. ఇంజనీరింగు విద్య లేదు. అయినా ఏళ్ళ తరబడి భాగం వెంట భాగం కూర్చుకుంటూ, 1999లో ఆసు పోసే యంత్రాన్ని నిలబెట్టినారు. దానికి తల్లి పేరున లక్ష్మీ ఆసు యంత్రమని పేరు. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2019లో ఆయన జీవితం చలనచిత్రమైనది. బిగించి, చూచి, కుదరక విప్పి, మళ్ళీ బిగించే అవకాశం ఉన్నచోటనే ఇటువంటి యంత్రం పుట్టగలదు. తొలిసారి బిగించినది తొలిసారే కుదిరిన యంత్రం లోకంలో ఏదీ లేదు గదా!

కావున మన పాఠశాలలలో సామాన్యశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు వాలుతలం, మర, భ్రామకం అనే పాఠాలు వచ్చినప్పుడు ఒక పాత గడియారాన్నో, చెడిన పంకానో బల్లమీద పెట్టి విప్పించవచ్చును - కరెంటు తీగకు సంబంధం లేకుండ చేసిన తరువాతనే. విద్యార్థులు తమ ఇండ్లలోని మరమేకుల తలలను చూచి ఎన్ని రకాలున్నవో బొమ్మలు గీసి తేవచ్చును. దానితోపాటు పనివారు అనుభవంతో ఎరిగిన నాలుగు నియమాలు కూడ నేర్పదగినవి. గాడిని మొదట శుభ్రం చేయవలె. గాడి నిండుగా కూర్చునే కొననే ఎంచవలె. సిలువ తలను తిప్పే ముందు గట్టిగా నొక్కవలె; బలంలో ఎక్కువ పాలు నొక్కడానికి, తక్కువ పాలు తిప్పడానికి. కొయ్యలో ఇత్తడి మరమేకు దింపవలసి ఉంటే, ముందు అదే కొలత ఉక్కు మరమేకును దింపి తీసి, తరువాత మైనం రాసి ఇత్తడిది దింపవలె. ఇత్తడి మెత్తనిది కనుక రాపిడికి విరిగిపోతుంది.

మరమేకు బిగుసుకుపోతే కోపం పనికిరాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. ఆ పెరిగిన తుప్పే మర సందులలో ఇరుక్కొని కదలనీయదు. పలుచని నూనె వేసి ఒక రాత్రి ఆగితే అది సందులలోనికి పాకుతుంది. పేచ్‌కస్ పిడి మీద సుత్తితో మెల్లగా తట్టితే తుప్పు పగులుతుంది. ఒక్క పిసరు బిగించే దిక్కుకు తిప్పి, పిదప విప్పే దిక్కుకు తిప్పితే తరచు లొంగుతుంది. సిలువ పూర్తిగా చెడినప్పుడు చివరి ఉపాయం రంపపు బ్లేడుతో తల మీద అడ్డంగా ఒక గాడి కోయడం. ఇన్ని కొత్త తలలు ఓడిన చోట చివరకు ఆదుకొనేది ఆ పాత ఒంటిగాడియే కావడం గమనింపదగినది.

ఏ తలా తనంతట చెడ్డది కాదు. తగిన కొనను ఎరిగి, తొందరపడక విప్పినవాడు తన పనిని చక్కబెట్టుకోవడమే కాదు. ఆ తలను చెడకుండ మిగిల్చి, ఎన్నో ఏళ్ళ తరువాత అదే యంత్రం ముందు కూర్చునే ముఖపరిచయం లేని మరొక పనివానికి కూడ ఉపకారం చేసినవాడవుతాడు.